రెండు ఎండోస్కోపీలూ నార్మల్, రక్తం మాత్రం పోతూనే ఉంది: పెద్దవాళ్ల పేగుల్లో పుట్టుకతో ఉన్న లోపాన్ని ఎలా వెతికించాలి

"అమ్మకి పైనుంచి ఎండోస్కోపీ చేశారు, కిందినుంచి కొలనోస్కోపీ చేశారు. రెండూ నార్మల్ అన్నారు. ఐరన్ మాత్రలిచ్చి పంపేశారు. మూడు నెలలకి హిమోగ్లోబిన్ మళ్లీ పడిపోయింది. ఇప్పుడేం చేయాలి?"

ఇంచుమించు ఇవే మాటల్లో ఈ ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. కొందరు ఇంకో అడుగు ముందుకేసి, "చిన్నపేగులో పుట్టుకతో వచ్చిన సంచి ఉందంటున్నారు. డెబ్భై రెండేళ్ల మనిషికి పుట్టుకతో వచ్చిన జబ్బేమిటండీ, డాక్టర్లు పొరబడ్డారా?" అని అడుగుతున్నారు. విడివిడిగా జవాబులు చెప్పే బదులు, ఏం చేయాలో వరసగా ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాను. వైద్యం మీ డాక్టరే చేయాలి. ఆయన ముందు కూర్చున్నప్పుడు మీ చేతిలో ఏముండాలి, మీరు ఏం అడగాలి అన్నంతవరకే ఇందులో చెబుతాను.

ముందు కాస్త నేపథ్యం

పైనుంచి వేసే మామూలు ఎండోస్కోపు జీర్ణాశయం దాటి చిన్నపేగు మొదటి భాగం దగ్గర ఆగిపోతుంది. కిందినుంచి వేసేది పెద్దపేగంతా చూసి, చిన్నపేగు చివరి కొసలోకి కాస్త తొంగిచూడగలదు. ఆ రెండింటి మధ్య మీటర్ల పొడవున్న చిన్నపేగు చూడకుండానే మిగిలిపోతుంది. జీర్ణవ్యవస్థలో జరిగే రక్తస్రావాల్లో సుమారు 5 నుంచి 10 శాతం అక్కడివే.

చిన్నపేగులో పుట్టుకతో వచ్చే లోపాల్లో ఎక్కువగా కనిపించేది మెకెల్ డైవర్టిక్యులమ్. తల్లి కడుపులో ఉన్నప్పుడు శిశువు పేగు నుంచి బొడ్డు వైపుకి ఒక సన్నని గొట్టం ఉంటుంది. ఏడో వారం నాటికల్లా అది మూసుకుపోయి మాయమవ్వాలి. నూటికి ఇద్దరిలో పూర్తిగా పోకుండా, పేగుకి వేలాడే చిన్న సంచిలా మిగిలిపోతుంది. జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త యోహాన్ ఫ్రీడ్రిష్ మెకెల్ 1809లో దీన్ని వివరంగా రాశాడు, అందుకే ఆ పేరు. కొందరిలో ఈ సంచి లోపలి పొరలో జీర్ణాశయపు కణజాలం ఉంటుంది. అది యాసిడ్ ఊరుస్తుంది, ఆ యాసిడ్‌కి పక్కనున్న పేగు గోడ పుండుపడుతుంది, పుండు నుంచి రక్తం కారుతుంది. చాలామందికి జీవితాంతం దీనివల్ల ఏ ఇబ్బందీ రాదు.

ఇది కాక మరికొన్ని ఉన్నాయి. పేగు పక్కనే రెండో పేగు ముక్కలా ఏర్పడే డూప్లికేషన్ తిత్తి ఒకటి. పుట్టుకతోనే ముడిపడిపోయిన రక్తనాళాల గుత్తులు ఇంకొకటి. హెచ్‌హెచ్‌టీ అని పిలిచే వంశపారంపర్య రక్తనాళాల జబ్బు, సన్నబడాల్సిన చోట లావుగానే ఉండిపోయి పొర కిందికి చొచ్చుకొచ్చే డ్యులఫోయ్ ధమని కూడా ఈ కోవలోనివే.

మరి ఇన్నేళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు? లోపం పాతదే, చుట్టూ పరిస్థితి మారింది. గుండె కోసం రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు, మోకాళ్ల నొప్పులకి ఏళ్ల తరబడి వేసుకునే మాత్రలు వయసుతో పాటే వస్తాయి. ముప్పై ఏళ్ల వయసులో దానంతటదే మానిపోయే చిన్న పుండు, ఈ మందుల మీద ఉన్న మనిషిలో ఆగకుండా కారుతుంది. హెచ్‌హెచ్‌టీలోనైతే ఆ బలహీనమైన రక్తనాళాలే వయసుతో పాటు పెరుగుతాయి. పేగు నుంచి రక్తం పోవడం ఎక్కువగా యాభై దాటాకే మొదలవుతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. పెద్దవాళ్ల చిన్నపేగు రక్తస్రావంలో ఎక్కువ భాగం వయసుతో వచ్చే రక్తనాళాల ఉబ్బులు, నొప్పి మాత్రల పుండ్లు, పేగులో పెరిగే కణితుల వల్ల జరిగేదే. పుట్టుకతో వచ్చిన లోపం అరుదు. కాబట్టి "ఇదే అయ్యుంటుంది" అని ముందే తీర్మానించుకోకండి. కింద చెప్పే దారి వాటన్నిటినీ చూసుకుంటూ వెళ్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక నోట్‌బుక్, ఇంట్లో వాడే బీపీ మిషన్, ఇప్పటివరకు చేసిన రక్తపరీక్షలన్నీ (పాతవి ముఖ్యం), ఎండోస్కోపీ రిపోర్టులు ఫొటోలతో సహా, స్కాన్‌ల సీడీలు, డిశ్చార్జి సమ్మరీలు, వాడుతున్న మందులన్నీ షీట్లతో సహా. పాత ఆపరేషన్ల కాగితాలు ఉంటే అవి కూడా. సీడీ లేకుండా రిపోర్టు ఒక్కటే పట్టుకెళ్తే కొత్త డాక్టరు దాన్ని తిరిగి చదవలేరు, స్కాన్ మళ్లీ తీయాల్సి వస్తుంది.

1. ఇది ఎమర్జెన్సీయా కాదా తేల్చుకోండి

మిగతా ఏ పనికైనా ముందు ఇది చూడాలి. కింది వాటిలో ఒక్కటి ఉన్నా నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి:

- లేచి నిలబడితే కళ్లు తిరగడం, స్పృహ తప్పడం
- చల్లటి చెమటలు, ఒళ్లు పాలిపోవడం, అయోమయంగా మాట్లాడటం
- నాడి నిమిషానికి 100 దాటడం, పై బీపీ 90 కన్నా తగ్గడం
- ఛాతీలో నొప్పి, ఆయాసం
- ఎర్రటి లేదా ముదురు ఎరుపు రక్తం ఎక్కువగా, గడ్డలుగా పోవడం, లేదా వాంతిలో రక్తం

ఇక్కడ పెద్దవాళ్ల విషయంలో రెండు మోసాలున్నాయి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకి ఎంత రక్తం పోయినా నాడి వేగం పెరగకపోవచ్చు. "నాడి 76 ఉంది కదా" అని ధైర్యపడకండి. రెండోది, ఎప్పుడూ 160 ఉండే పై బీపీ ఈరోజు 110 ఉంటే అది నార్మల్ కాదు, బాగా పడిపోయినట్టు. అలాగే రక్తం పోయిన మొదటి కొన్ని గంటల్లో హిమోగ్లోబిన్ పరీక్ష మామూలుగానే రావచ్చు. ఒక్క రిపోర్టు చూసి ఇంటికి వచ్చేయొద్దు, కొన్ని గంటల తర్వాత మళ్లీ చేయమని అడగండి.

2. పోతున్నది రక్తమేనా చూడండి

తారులా నల్లగా, జిగటగా, భరించలేని వాసనతో ఉంటే అది జీర్ణమైన రక్తం. 50 నుంచి 100 మిల్లీలీటర్లు పోయినా మలం ఇలా మారిపోతుంది. ముదురు మెరూన్ రంగు చిన్నపేగు నుంచి గానీ, పెద్దపేగు మొదటి భాగం నుంచి గానీ వచ్చేదానికి గుర్తు. మెకెల్ సంచి నుంచి వచ్చేది తరచుగా ఇలాగే ఉంటుంది, అదీ నొప్పి లేకుండా. తాజా ఎరుపు సాధారణంగా పెద్దపేగు చివర నుంచి, మొలల నుంచి వస్తుంది. అయితే పైనెక్కడో చాలా వేగంగా కారుతున్నా ఎర్రగానే రావచ్చు.

ఐరన్ మాత్రలు మలాన్ని నల్లగా, కాస్త ఆకుపచ్చ ఛాయతో చేస్తాయి. కానీ జిగట ఉండదు, ఆ ఘాటు వాసనా ఉండదు. బిస్మత్ ఉన్న కడుపు మందులు కూడా నల్లగా చేస్తాయి. అనుమానం ఉంటే ఊహించకండి, మలపరీక్ష చేయించండి. అందులోనూ ఒక చిక్కుంది. ఫిట్ అనే మలపరీక్ష పెద్దపేగు రక్తాన్ని బాగా పడుతుంది. పైనుంచి వచ్చే రక్తం దారిలోనే జీర్ణమైపోతుంది కాబట్టి దాన్ని వదిలేయవచ్చు. అది నెగెటివ్ వచ్చిందని చిన్నపేగు బాగుందనుకోవద్దు.

మా పెద్దమ్మ విషయంలో మేం తప్పు చేసింది ఇక్కడే. ఆవిడ ఐరన్ మాత్రలు వాడుతోంది కదా, నల్లగా రావడం మామూలేలే అని రెండు నెలలు వదిలేశాం. ఒకసారి వాసన గమనించి ఉంటే చాలు, తెలిసిపోయేది. అందుకే ఈ విషయంలో సిగ్గు పడొద్దని ప్రతి ఇంటికీ చెబుతాను. పెద్దవాళ్లు నోరు విప్పి చెప్పరు. మీరే అడగాలి. వీలైతే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరుకి వంద మాటల్లో చెప్పేది ఒక్క ఫొటో చెబుతుంది.

3. తేదీలతో ఒక పట్టిక రాయండి

ఒక పేజీలో నాలుగు గడులు గీయండి: తేదీ, మలం రంగు, హిమోగ్లోబిన్, ఆ వారంలో ఏం జరిగింది. రక్తం ఎక్కించిన తేదీలు, ఎన్ని యూనిట్లు, కొత్తగా మొదలుపెట్టిన మందులు నాలుగో గడిలో వస్తాయి.

ఇది చిన్న పనిలా అనిపిస్తుంది, కానీ నా అనుభవంలో దీనికి మించిన పరీక్ష లేదు. ఒక ఇంట్లో ఇలా రాశాక తెలిసింది: పెద్దాయనకి మూడుసార్లూ రక్తం పోయింది మోకాలి నొప్పికి మాత్రలు వేసుకున్న పది రోజుల లోపే. ఇంకొకరి పట్టికలో పదిహేనేళ్ల కిందటి నుంచీ హిమోగ్లోబిన్ 10 దాటలేదని బయటపడింది. అంటే జబ్బు నిన్నా మొన్నటిది కాదు. పుట్టుకతో వచ్చిన లోపం ఉన్నవాళ్లలో, చిన్నప్పుడో యవ్వనంలోనో "ఎందుకో తెలియని రక్తహీనత" చరిత్ర కొన్నిసార్లు ఉంటుంది. పాత కాగితాల కోసం బీరువాలు వెతకండి.

హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్, ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు సైజు) విలువలు కూడా రాయండి. ఫెరిటిన్ బాగా తక్కువగా ఉంటే ఐరన్ నిల్వలు అడుగంటాయని అర్థం. పెద్దవాళ్లలో దానికి మొదట అనుమానించాల్సింది కనపడకుండా పోతున్న రక్తాన్నే. ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే ఫెరిటిన్ అబద్ధంగా పెరిగి కనిపించవచ్చు, అది గుర్తుంచుకోండి.

4. మందులన్నీ బల్ల మీద పెట్టి రాయండి

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ ఏవైనా ఉన్నాయా? డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఎసెక్లోఫెనాక్, ఇటోరికాక్సిబ్ లాంటి నొప్పి మందులు? పక్కింటివాళ్లు ఇచ్చినవి, ఇంజెక్షన్లు, పేరు లేని పొడులు కూడా రాయండి. నొప్పి మాత్రని చాలామంది మందుగా లెక్కేయరు. "అప్పుడప్పుడూ ఒకటి" అంటే వారానికి ఎన్ని అని గట్టిగా అడగండి.

హెచ్చరిక: రక్తం పోతోందని ఆస్పిరిన్‌నో, రక్తం పలచబరిచే మందునో మీ అంతట మీరు ఆపకండి. గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లకి, కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకి హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఫోన్ చేసి అయినా గుండె డాక్టరుని అడగండి. నొప్పి మాత్రలు వేరు, అవి ఆ రోజే ఆపి, బదులు ఏం వాడాలో డాక్టరుని అడగండి.

5. ఒంటి మీద, కుటుంబంలో ఆనవాళ్లు వెతకండి

మంచి వెలుతురులో కూర్చోబెట్టి పెదాలు, నాలుక, చేతివేళ్ల కొసలు చూడండి. గుండుసూది తలంత ఎర్రటి చుక్కలు, నొక్కితే తెల్లబడేవి ఉన్నాయా? చిన్నప్పటి నుంచి ముక్కులోంచి రక్తం కారేదా? తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో ఎవరికైనా అలా ఉందా? ఈ మూడూ కలిస్తే అది హెచ్‌హెచ్‌టీ కావచ్చు. దానికి డాక్టర్లు వాడే కొలత పేరు క్యూరసావ్ ప్రమాణాలు. ముక్కు నుంచి రక్తం, చర్మం మీద ఆ చుక్కలు, లోపలి అవయవాల్లో రక్తనాళాల లోపం, దగ్గరి రక్తసంబంధీకుల్లో జబ్బు అనే నాలుగింట్లో మూడుంటే ఖాయమే. ఇది తేలితే పిల్లలకీ పరీక్షలు అవసరమవుతాయి.

చర్మం మీద నీలిరంగులో, మెత్తగా, నొక్కితే లోపలికి పోయి మళ్లీ ఉబ్బే రబ్బరు బుడిపెల్లాంటివి ఉంటే అవి కూడా చూపించండి. అదే తరహా బుడిపెలు పేగులోనూ ఉండే అరుదైన జబ్బు ఒకటి ఉంది, దాన్ని బ్లూ రబ్బర్ బ్లెబ్ నీవస్ అంటారు. ఇరవై ఏళ్లుగా ఉన్న మచ్చే కదా అని ఎవరూ డాక్టరుకి చూపించరు.

గుండెలో అయోర్టిక్ కవాటం సన్నబడిందని ఎప్పుడైనా చెప్పారా అన్నది కూడా రాసుకోండి. దానికీ వయసుతో వచ్చే పేగు రక్తనాళాల ఉబ్బులకీ సంబంధం ఉంది. ఇది పుట్టుకతో వచ్చే లోపం వైపు కాకుండా రెండో వైపు చూపించే ఆనవాలు.

6. జరిగిన ఎండోస్కోపీలు పూర్తిగా జరిగాయో లేదో చూడండి

చిన్నపేగు మీదికి వెళ్లే ముందు, చూసిన చోట్లనే ఏదైనా తప్పిపోయిందేమో చూడటం మంచి పద్ధతి. రిపోర్టు తీసి ఈ మూడూ వెతకండి. కొలనోస్కోపీ సీకం వరకు, అంటే పెద్దపేగు మొదలయ్యే చోటు వరకు వెళ్లిందని రాశారా? చిన్నపేగు చివరి భాగమైన టెర్మినల్ ఇలియంలోకి వెళ్లి చూశారా, అక్కడ రక్తం కనిపించిందా? పేగు శుభ్రంగా ఉందని రాశారా, లేక "ప్రిపరేషన్ సరిగా లేదు" అని ఉందా?

మూడోది "సరిగా లేదు" అని ఉంటే ఆ నార్మల్‌ని లెక్కలోకి తీసుకోకండి. అవసరమైతే రెండు ఎండోస్కోపీల్లో ఒకటైనా మళ్లీ చేయాల్సి రావచ్చు. డ్యులఫోయ్ ధమని ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలోనే ఉంటుంది. రక్తం కారనప్పుడు చూస్తే దాదాపు ఏమీ కనిపించదు. రెండోసారి, మూడోసారి చూసినప్పుడు దొరికినవి ఎన్నో ఉన్నాయి. మళ్లీ చేస్తామంటే డబ్బు కోసమని అనుమానపడొద్దు.

పేగు శుభ్రం చేసే మందు తాగేటప్పుడు పెద్దవాళ్లకి నీరసం, లవణాల తేడా వస్తాయి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉంటే ముందే చెప్పండి. అలాంటివాళ్లకి సోడియం ఫాస్ఫేట్ రకం మందు మంచిది కాదు, పాలిఎథిలిన్ గ్లైకాల్ రకం సురక్షితం. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఆ రోజు ఎంత తీసుకోవాలో రాయించుకోండి.

7. చిన్నపేగు పరీక్ష: ఏది, ఎప్పుడు

అన్నిటికన్నా ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఏ పరీక్ష అన్నదెంత ముఖ్యమో, ఎప్పుడు అన్నదీ అంతే ముఖ్యం. నెల కిందట పోయిన రక్తానికి ఈరోజు పరీక్ష చేయిస్తే దొరికే అవకాశం బాగా తగ్గిపోతుంది.

రక్తం ఇప్పుడే వేగంగా పోతుంటే, రక్తనాళాల్లోకి రంగు మందు ఎక్కించి తీసే సీటీ యాంజియోగ్రామ్ ముందు వస్తుంది. నిమిషానికి సుమారు 0.3 నుంచి 0.5 మిల్లీలీటర్ల వేగంతో కారుతుంటేనే అది పట్టుకోగలదు. ఆగిపోయాక తీస్తే నార్మల్ వస్తుంది. చోటు కనిపిస్తే తొడ దగ్గరి నాళం గుండా సన్నని గొట్టం పంపి అక్కడే మూసేయవచ్చు. కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ రిపోర్టు చేతిలో ఉంచుకోండి, మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పండి.

రక్తం ఆగి ఆగి వస్తుంటే, మనిషి నిలకడగా ఉంటే క్యాప్సూల్ ఎండోస్కోపీ. పెద్ద మాత్రంత కెమెరా మింగితే అది దారి పొడవునా ఫొటోలు తీసుకుంటూ వెళ్తుంది. రక్తం కనిపించిన 48 గంటల్లో చేయిస్తే మంచి ఫలితం వస్తుంది. అందుకే రక్తం పోతున్నప్పుడు ఎవరిని సంప్రదించాలో, ఆ పరీక్ష ఎక్కడ ఉందో ముందే కనుక్కుని పెట్టుకోండి. అప్పటికప్పుడు వెతుక్కుంటే ఆ రెండు రోజులూ గడిచిపోతాయి.

క్యాప్సూల్ విషయంలో జాగ్రత్తలు:

- ఐరన్ మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపాలి, లేకపోతే నల్లటి పూత తప్ప ఏమీ కనిపించదు. ఎన్ని రోజులో చేసే చోట అడగండి.
- పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే క్యాప్సూల్ ఇరుక్కోవచ్చు. పాత ఆపరేషన్, పొత్తికడుపుకి రేడియేషన్, ఏళ్ల తరబడి నొప్పి మాత్రలు, క్రోన్స్ (పేగులో దీర్ఘకాలపు వాపు) జబ్బు ఉంటే తప్పకుండా చెప్పండి. ముందు సీటీ ఎంటరోగ్రఫీ (చిన్నపేగు కోసం తీసే సీటీ స్కాన్) గానీ, కరిగిపోయే పరీక్ష క్యాప్సూల్ గానీ వాడతారు.
- మింగడం కష్టమైన వాళ్లకి ఎండోస్కోపుతో లోపల వదిలిపెట్టవచ్చు. బలవంతంగా మింగించొద్దు.
- క్యాప్సూల్ బయటికి వచ్చేసిందని తేలేవరకు ఎంఆర్‌ఐ వద్దు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి.

క్యాప్సూల్ మెకెల్ సంచిని తప్పిపోవచ్చు. సంచి నోటి పక్కనుంచి క్షణాల్లో దాటిపోతుంది. "క్యాప్సూల్ నార్మల్" అన్నారంటే వెతకడం అక్కడితో అయిపోయిందని అర్థం కాదు. సీటీ ఎంటరోగ్రఫీ, మెకెల్ స్కాన్, బెలూన్ ఎంటరోస్కోపీ ఇంకా మిగిలే ఉంటాయి.

మెకెల్ స్కాన్‌లో టెక్నీషియం అనే కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థాన్ని సూదిద్వారా ఇస్తారు. జీర్ణాశయపు కణజాలం దాన్ని పీల్చుకుంటుంది. పొత్తికడుపులో వేరే చోట చుక్కలా వెలిగితే అక్కడ ఆ కణజాలం ఉన్నట్టు. పిల్లల్లో ఇది నమ్మకమైన పరీక్ష, పదిలో ఎనిమిది తొమ్మిది సార్లు పడుతుంది. పెద్దవాళ్లలో ఆరుసార్లు పడితే గొప్ప. సంచిలో జీర్ణాశయపు కణజాలం లేకపోతే అసలు పట్టదు. కాబట్టి నెగెటివ్ వస్తే "మెకెల్ లేదు" అని రాసుకోకండి, "ఈ పరీక్షలో కనపడలేదు" అని రాసుకోండి. స్కాన్‌కి ఖాళీ కడుపుతో వెళ్లాలి, ముందు మూత్రవిసర్జన చేయించాలి. నిండిన మూత్రాశయం వెలిగి ఆ చోటుని కప్పేస్తుంది. యాసిడ్ తగ్గించే ఫామోటిడిన్ రకం మందు ముందుగా ఇస్తే ఫలితం మెరుగుపడుతుంది, అది ఇస్తారా అని అడగండి. ఆ వారంలో బేరియం పరీక్ష చేయించుకుని ఉంటే చెప్పండి.

బెలూన్ ఎంటరోస్కోపీ కాస్త పెద్ద పని. నోటి నుంచి గానీ, కిందినుంచి గానీ పొడవాటి గొట్టాన్ని బెలూన్ల సాయంతో చిన్నపేగు లోతుల్లోకి పంపుతారు. చూడటమే కాక అక్కడే ముక్క తీయవచ్చు, కారుతున్న నాళాన్ని కాల్చి ఆపవచ్చు. మెకెల్ సంచి పెద్దపేగుకి దగ్గరగా, సాధారణంగా మీటరు లోపే ఉంటుంది. అందుకని దానికోసమైతే ఎక్కువగా కిందినుంచే వెళ్తారు. మత్తు ఇవ్వాలి కాబట్టి గుండె, ఊపిరితిత్తుల పరిస్థితి ముందు చూపించండి.

ఇన్ని పరీక్షలు తట్టుకోలేని మనిషైతే? తొంభై ఏళ్లు, మంచం మీదున్నవారు, అప్పుడప్పుడూ మాత్రమే కొద్దిగా రక్తం పోతోంది. అలాంటప్పుడు నొప్పి మాత్రలు ఆపి, గుండె మందుల మోతాదు సవరించి, ఐరన్ సెలైన్‌లో ఎక్కిస్తూ గమనించడం కూడా వైద్యమే. ఆ మాట డాక్టరుతో బాహాటంగా మాట్లాడండి. పెద్దవాళ్లు ఏం కోరుకుంటున్నారో వాళ్లనే అడగండి.

8. సంచి కనిపించింది. రక్తం అందులోంచేనా?

స్కాన్‌లో మెకెల్ సంచి కనపడగానే ఇంట్లోవాళ్లు "దొరికింది" అని ఊపిరి పీల్చుకుంటారు. కాస్త ఆగండి. నూటికి ఇద్దరికి ఉండేది కాబట్టి, రక్తంతో సంబంధం లేకుండా ఊరికే కూడా ఉండవచ్చు. డాక్టరుని ఇలా అడగండి: "సంచిలో గానీ, పక్కన గానీ పుండు కనిపించిందా? స్కాన్‌లో అక్కడ వెలిగిందా? రక్తం కారుతూ కనిపించిందా? వేరే కారణాలు చూసేశారా?" ఇందులో కనీసం ఒక్కదానికైనా గట్టి జవాబుండాలి. ఏ లక్షణమూ లేకుండా వేరే పనిమీద తీసిన స్కాన్‌లో కనపడిన సంచిని పెద్దవాళ్లలో సాధారణంగా అలాగే వదిలేస్తారు.

రక్తం దానివల్లేనని తేలితే ఆపరేషనే దారి. ఎక్కువగా లాపరోస్కోపీలోనే చేస్తారు. ఇక్కడ ఒక ప్రశ్న తప్పక అడగండి: "సంచి ఒక్కటే తీస్తారా, దాంతోపాటు పేగు ముక్క కూడా తీస్తారా?" పుండు చాలాసార్లు సంచిలో కాకుండా పక్కనున్న పేగు గోడ మీద ఉంటుంది. సంచి మాత్రమే తీసి పుండు వదిలేస్తే రక్తం మళ్లీ రావచ్చు. అందుకే రక్తస్రావం ఉన్నవాళ్లలో చాలామంది సర్జన్లు ఆ భాగం పేగుని కూడా కొంత తీసి కలిపేస్తారు.

రక్తనాళాల లోపాలకి దారి వేరు. ఒకటి రెండు చోట్లుంటే ఎంటరోస్కోపుతో కాల్చడమో, గొట్టం ద్వారా మూసేయడమో చేస్తారు. హెచ్‌హెచ్‌టీలో అవి ఎన్నో ఉంటాయి, అన్నీ కాల్చలేరు. అక్కడ ఐరన్, రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ లాంటి మందులు ముఖ్యం, మరీ ఎక్కువైతే కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ వాడతారు. ఈ జబ్బు చూసి అలవాటున్న డాక్టరు దగ్గరికే వెళ్లండి.

రక్తం ఎక్కించడం గురించి కూడా ఒక మాట. సాధారణంగా హిమోగ్లోబిన్ 7 కన్నా తగ్గితే, గుండె జబ్బున్నవాళ్లకి 8 కన్నా తగ్గితే ఎక్కిస్తారు. 9 ఉన్న మనిషికి "బలం కోసం" ఒక బాటిల్ ఎక్కించమని పట్టుబట్టకండి. పెద్దవాళ్లలో అదనపు ద్రవం ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తేవచ్చు.

9. ఫలితం సరిగా వచ్చిందా, ఎలా తెలుస్తుంది

ఆపరేషన్ అయితే బయాప్సీ రిపోర్టు తప్పకుండా తీసుకోండి. జీర్ణాశయపు కణజాలం ఉందా, పుండు ఉందా, గడ్డ ఏమైనా ఉందా అన్న మూడూ అందులో చదవండి. పుండు, ఆ కణజాలం రెండూ ఉంటే కారణం దొరికినట్టే. రెండూ లేకపోతే రక్తం వేరేచోటి నుంచి వస్తూ ఉండవచ్చు. అరుదుగా మెకెల్ సంచిలో కార్సినాయిడ్ తరహా గడ్డ బయటపడుతుంది, అప్పుడు తర్వాతి దారి మారుతుంది. రిపోర్టు వచ్చేలోపే డిశ్చార్జి అయిపోయి, దాన్ని ఎవరూ తెచ్చుకోని ఇళ్లు నేను చూశాను.

తర్వాత హిమోగ్లోబిన్. ఐరన్ అందుతూ, రక్తం పోవడం ఆగితే రెండు మూడు వారాలకి దాదాపు 1 గ్రాము చొప్పున పెరగాలి. మొదట రెండు నుంచి నాలుగు వారాలకి ఒకసారి హిమోగ్లోబిన్, తర్వాత మూడు నెలలకి ఒకసారి ఫెరిటిన్‌తో కలిపి చూపించండి. హిమోగ్లోబిన్ నార్మల్ అయ్యాక కూడా నిల్వలు నిండటానికి ఐరన్ ఇంకో మూడు నెలలు వాడాల్సి ఉంటుంది. బాగుంది కదా అని మధ్యలో ఆపేస్తే నిల్వలు నిండవు, తర్వాత రక్తహీనత తిరిగి వస్తే రక్తం పోతోందా, ఐరన్ చాలలేదా అన్నది తెలియదు. రక్తం ఎక్కించిన వారంలో వచ్చిన మంచి సంఖ్యని చూసి మోసపోకండి. అది ఎక్కించిన రక్తం, ఒళ్లు తయారు చేసుకున్నది కాదు.

మూడు నెలలకీ పెరగకపోతే, లేదా పెరిగి మళ్లీ పడితే, ముందు మాత్రలు నిజంగా వేసుకుంటున్నారా, నొప్పి మాత్రలు మళ్లీ మొదలుపెట్టారా చూడండి. రెండూ సరిగ్గా ఉంటే పట్టిక పట్టుకుని మళ్లీ గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. పెద్దవాళ్లలో ఒకే మనిషికి రెండు చోట్ల నుంచి రక్తం పోవడం వింతేమీ కాదు. మెకెల్ సంచి తీసేశాక, పెద్దపేగులో వయసుతో వచ్చిన రక్తనాళపు ఉబ్బు విడిగా కారడం జరుగుతుంది. "ఆపరేషన్ అయింది కదా, ఇంకేముంటుంది" అనుకుని ఆలస్యం చేయకండి. ఈసారి నల్లటి విరేచనం కనపడిన రోజే ఫోన్ చేయండి, పట్టికలో ఆ తేదీ, టైము రాసుకుని, 48 గంటల లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి.